అల్లుడికి: మదనపల్లె బీబీఎస్ దాకా ఒక్కో మెట్టు ఎక్కి వెళ్ళు

ఒరేయ్ అల్లుడూ,

రాత్రి ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. "మామా, గంటన్నర కూర్చున్నా, పదిసార్లు పిలిచి రీట్రై అవుట్ అని చేతులెత్తేస్తోంది, రేడియో పాడైందా" అన్నావు. రేడియో శుభ్రంగా ఉంది. నువ్వు కె.ఆర్.పురం పీజీ మూడో అంతస్తు కిటికీలోంచి ఐదు వాట్ల హ్యాండీతో, అంటే చేతిలో పట్టే హ్యామ్ రేడియోతో, ఒకే ఊపున మదనపల్లె బీబీఎస్ (రేడియో మీద ఉత్తరాలు దాచే కంప్యూటరు) తలుపు తట్టాలని చూస్తున్నావు, మధ్యలో మా ఇంటి మీది స్టేషన్ మేడనీ చింతామణిలో ఉన్న స్టేషన్ గట్టునీ డిజీలుగా పెట్టి. కమాండ్ కరెక్టే, పద్ధతే తప్పు. ఇది ఫోన్లో చెబితే ఊఁ ఊఁ అంటావు, మర్నాడు మళ్ళీ అదే చేస్తావు. పోనీ వచ్చి చూపిద్దామంటే విద్యారణ్యపుర నుంచి మీ వైపుకి రావాలంటే హెబ్బాళ దగ్గరే నా ఆదివారం తెల్లారిపోతుంది. అందుకని కూర్చుని రాస్తున్నా, పొడుగైతే భరించు.

ముందు డిజీ అంటే ఏంటో, నోడ్ అంటే ఏంటో తేడా బుర్రకెక్కించుకో, మిగతాదంతా దాని వెనకాలే వస్తుంది. డిజిపీటర్ అనేది పాపం ఉత్త చిలక. తన పేరు రాసున్న ప్యాకెట్, అంటే డేటా ముక్క, చెవిన పడితే మళ్ళీ అదే ఫ్రీక్వెన్సీలో వల్లిస్తుంది, అంతటితో దాని పని అయిపోయింది. అవతలివాడికి చేరిందా, చేరలేదా, దానికి పట్టదు. చేరినట్టు రసీదు అవతలి చివర ఉన్న బీబీఎస్సే పంపాలి, ఆ రసీదు మళ్ళీ అదే దారిలో రెండు చిలకల నోటి మీదుగా నీ దాకా రావాలి. నీ కిటికీ నుంచి నా మేడ, నా మేడ నుంచి గట్టు, గట్టు నుంచి ఊరు, అంటే మదనపల్లె, ఇవి మూడు గంతులు. ఒక్కో గంతులో నూటికి తొంభై ప్యాకెట్లు బాగా వెళ్తాయి అనుకుందాం, అది చాలా మంచి లింకు. మూడు గంతులు దాటేది 73. రసీదు తిరిగొచ్చేసరికి మళ్ళీ మూడు గంతులు, మొత్తం 53. అంటే లింకులన్నీ మంచిగా ఉన్నా సగానికి సగం పోయినట్టే, పోయిన ప్రతిసారీ మొదటి మెట్టు నుంచి మళ్ళీ మొదలు. ఇంక నీ కిటికీ నుంచి నా మేడకి నిన్న రాత్రి పదిలో నాలుగు కూడా రాలేదు, నా దగ్గర లాగ్ ఉంది. మిగతా లెక్క నువ్వే వేసుకో, ఇంజనీరువి కదా.

నోడ్ అలా కాదు. నువ్వు పంపిన ప్యాకెట్‌ని నోడ్ తన దగ్గర పెట్టుకుని అక్కడికక్కడే నీకు రసీదు ఇస్తుంది, ఆ తర్వాత దాన్ని ముందు మెట్టుకి చేర్చే పూచీ తనది. గట్టు దగ్గర ఆగిపోతే నా మేడే మళ్ళీ పంపుతుంది, నువ్వు కిటికీలోంచి మళ్ళీ అరవక్కర్లేదు. మీ తాత ఎద్దుల బండి మీద కొరియర్ చేసినట్టు కాదు, మునుపటి రిజిస్టర్ పోస్టు లాంటిది, ప్రతి పోస్టాఫీసులో సంతకం పెట్టి తీసుకునేవారు. ఈ తేడా నాకు తెలిసిందీ నా తిప్పలు నేను పడ్డాకే.

డిజీని తక్కువ చేస్తున్నానని అనుకోకు, దానికీ ఒక చోటుంది. రసీదు అక్కర్లేని మాట ఒకటి గాల్లోకి విసిరెయ్యాలంటే డిజీయే మేలు. ఏపీఆర్ఎస్, అంటే తానెక్కడున్నాడో గాల్లో చాటే పద్ధతి, అంతా దాని మీదే నడుస్తుంది, 145.825 మెగాహెర్ట్జ్ మీద అంతరిక్ష కేంద్రం మన నెత్తి మీదుగా పోయేటప్పుడు దాంట్లో ఉన్న డిజీకి నీ హ్యాండీతో ఒక ముక్క కొట్టి అది తిరిగి వినిపిస్తే నీకే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ బీబీఎస్‌లో కూర్చుని ఉత్తరాలు చదవడం, రాయడం వేరే సంగతి, దానికి రెండు వైపులా లింకు తెగకుండా నిలబడాలి. మన ప్యాకెట్లు నడిచే నియమాల్ని ఏఎక్స్.25 అంటారు, దాని పాత రూపంలో ఎనిమిది డిజీల దాకా వరస పెట్టొచ్చని ఉండేది, 1998లో వచ్చిన 2.2లో దాన్ని రెండుకి కుదించారు. ఎందుకు కుదించారో పై లెక్క చూస్తే తెలుస్తుంది. అంతకు చాలా ముందే, 1987లో, నెట్‌రామ్ అని ఒకటి వచ్చింది, టీఎన్‌సీ-2 అనే రేడియో మోడెంలో ఉన్న ఈప్రామ్ చిప్పు పీకేసి దీన్ని గుచ్చితే అదే పెట్టె నోడ్ అయిపోయేది. ఇప్పుడు నా మేడ మీద చిన్న రాస్ప్‌బెర్రీ పైలో నడిచేది బీపీక్యూ అనే నోడ్ ప్రోగ్రామ్ అయినా లోపల మాట్లాడే భాష అదే.

ఇప్పుడు నీ సామాను సంగతి. పిలిచే ముందు వినడం నేర్చుకో. రేడియో పెట్టి, స్క్వెల్చ్, అంటే సిగ్నల్ లేనప్పుడు హోరు మూసే గేటు, పూర్తిగా తెరిచి, ల్యాప్‌టాప్‌లో ప్యాకెట్లని చదివే ప్రోగ్రామ్ డైర్ వుల్ఫ్‌ని నడిపి, చేతులు కట్టుకుని అరగంట కూర్చో. స్క్వెల్చ్ మూసి ఉంటే అది తెరుచుకునేలోపు ప్యాకెట్ తల తెగిపోతుంది. హ్యాండీలో బ్యాటరీ సేవ్ అని ఒక మెనూ ఉంటుంది, అది ఆపెయ్. దాంతో రిసీవర్ కునుకు తీస్తూ లేస్తూ ఉంటుంది, మాటలకైతే పర్లేదు, ప్యాకెట్‌కి మొదటి ముక్క పోతే మొత్తం పోయినట్టే. డ్యూయల్ వాచ్ ఆపెయ్, రోజర్ బీప్ ఉంటే అదీ ఆపెయ్. డైర్ వుల్ఫ్ ఒక్కో ప్యాకెట్ దగ్గర ఆడియో లెవెల్ అని ఒక అంకె చూపిస్తుంది, అది 50 చుట్టుపక్కల ఉండేలా వాల్యూమ్ తిప్పు. మరీ నూట యాభై, రెండొందలు వస్తోందంటే గొంతు చించుకుంటోందని అర్థం, తగ్గించు.

వచ్చిన లైను చదవడం కూడా నేర్చుకో. ముందు పంపినవాడి లైసెన్సు పేరు, అంటే కాల్‌సైన్, తర్వాత ఎవరికో, ఆ తర్వాత దారిలో ఉన్న డిజీల పేర్లు. వాటిలో ఒకదాని పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది చూడు. దానర్థం ఈ ప్యాకెట్‌ని నువ్వు విన్నది ఆ డిజీ నోటి నుంచి అని. నక్షత్రమే లేకపోతే అసలు మనిషినే నేరుగా వింటున్నావు. నిన్న నువ్వు "మదనపల్లె నాకు బ్రహ్మాండంగా వినిపిస్తోంది మామా" అన్నావే, అది మదనపల్లె కాదురా, నా మేడ. నక్షత్రం చూడకుండా సంబరపడ్డావు.

పంపే వైపుకి వద్దాం, నీ అసలు రోగం ఇక్కడే ఉందని నా అనుమానం. నువ్వు వాక్స్ మీద నడుపుతున్నావు, అంటే సౌండ్ వస్తే రేడియో దానంతటదే ట్రాన్స్‌మిట్ అవుతుంది. మాట్లాడటానికి బాగానే ఉంటుంది. కానీ సౌండ్ ఆగాక కూడా వాక్స్ ఒక అర సెకను, ముప్పావు సెకను బటన్ వదలదు. ఈలోపు నా మేడ నీకు రసీదు ఇచ్చేసి ఉంటుంది, నీ హ్యాండీ ఇంకా నోరు తెరుచుకునే ఉంది కాబట్టి చెవికి ఎక్కదు. నువ్వేమో రాలేదనుకుని మళ్ళీ పంపుతావు. నా లాగ్‌లో నిన్న రాత్రి అచ్చం ఇదే కథ కనిపించింది, నీ కనెక్ట్ ప్యాకెట్ అప్పుడప్పుడూ వచ్చింది, నేను జవాబిచ్చాను, నువ్వు వినలేదు. వాక్స్ పక్కన పెట్టి పీటీటీకి, అంటే ట్రాన్స్‌మిట్ బటన్‌కి, వైరు లాగు. యూఎస్‌బీ సీరియల్ ముక్క ఒకటి, బీసీ547 ట్రాన్సిస్టర్ ఒకటి, బేస్‌కి ఒక రెసిస్టరు, అంతే. ఆర్‌టీఎస్ పిన్‌తో నడిచేలా డైర్ వుల్ఫ్ కాన్ఫిగ్‌లో ఒక లైను రాస్తే సరిపోతుంది, పెట్టగానే రేడియో అదేపనిగా ట్రాన్స్‌మిట్‌లో ఉండిపోతే కంగారు పడి వైర్లు పీకకు, ఆర్‌టీఎస్ ముందు ఒక మైనస్ గుర్తు పెట్టు, తలకిందులుగా ఉన్నది సరవుతుంది.

కేబుల్ కొనుక్కోకు, చేసుకో. ఎస్పీ రోడ్డులో నేను ఒకసారి రెడీమేడ్ కేబుల్ కొన్నాను, ఏ కొట్టో చెప్పను, "సార్ గ్యారంటీ" అని నవ్వుతూ ఇచ్చాడు. ఇంటికొచ్చి మూడు రోజులు ప్రోగ్రామ్‌ని తిట్టుకున్నాక మల్టీమీటర్ పెట్టి చూస్తే మైకు వైరూ స్పీకరు వైరూ అటుదిటు అయి ఉన్నాయి. అదే రోడ్డులో ప్లగ్గు, రెండు మీటర్ల షీల్డెడ్ వైరు, పది రెసిస్టర్లు కొనుక్కొచ్చుకో, పెద్ద ఖర్చేం కాదు. రెసిస్టర్లు ఎందుకంటే ల్యాప్‌టాప్ స్పీకర్ సౌండ్ నేరుగా మైకులోకి పంపితే బండ గొంతుతో అరిచినట్టు ఉంటుంది. మన 1200 బాడ్‌లో రెండు స్వరాలు, 1200 హెర్ట్జ్ ఒకటి, 2200 ఒకటి. రేడియో మైకు దారిలో పై స్వరాన్ని ఇంకా ఎత్తుతుంది, సౌండ్ ఎక్కువైతే అది కోసుకుపోయి అవతల గీతలు గీతలుగా వినిపిస్తుంది. గట్టిగా ఉంటే బాగా చేరుతుందని అందరూ అనుకుంటారు, ఇక్కడ అది అబద్ధం. సగానికి తగ్గించి మొదలుపెట్టు, నేను ఇటు విని చెబుతా.

టీఎక్స్‌డిలే అని ఒక అంకె ఉంది, ఒక్కోటీ పది మిల్లీసెకన్లు. మామూలుగా 30 ఉంటుంది, అంటే 300 మిల్లీసెకన్లు. బటన్ నొక్కాక నీ రేడియో నిలకడగా పైకి రావడానికి ఇచ్చే వ్యవధి అది. చవక హ్యాండీలకి 40, 50 పెట్టు, పని జరుగుతోందని తేలాక మెల్లగా తగ్గించుకో. ప్యాకెట్ పొడవు, పాక్లెన్ అంటారు, 256 దాకా పెట్టొచ్చు కానీ నీ కిటికీకి అంత దూకుడు పనికిరాదు. 1200 బాడ్ అంటే సెకనుకి 150 బైట్లు, 256 బైట్ల ప్యాకెట్ గాల్లో దగ్గర దగ్గర రెండు సెకన్లు ఉంటుంది, ఆ రెండు సెకన్లలో ఎక్కడ ఒక్క చిటపట వచ్చినా మొత్తం చెత్తబుట్టలోకే. 64కి తగ్గించు, మాక్స్‌ఫ్రేమ్ 1కి తగ్గించు, అంటే ఒకటి పంపి దాని రసీదు వచ్చాకే రెండోది. నెమ్మదే, కానీ పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు అని ఇలాంటి చోట్లకే పుట్టింది సామెత.

యాంటెన్నా గురించి ఒక్క మాట. హ్యాండీతో వచ్చిన ఆ రబ్బరు తోకని కిటికీ ఊచల మధ్య పెట్టి మదనపల్లె అంటే ఎట్లా? 49 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీ ఒకటి నిలువుగా, అదే పొడవువి నాలుగు కిందికి వంచి, మధ్యలో సాకెట్, ఇంతే గ్రౌండ్ ప్లేన్. పీజీ ఓనరుని బతిమాలి నీళ్ళ ట్యాంకు పక్కన కట్టు, బట్టలారేసే దండేనికి కాస్త దూరంగా. కేబుల్ పది మీటర్లు మించకుండా చూసుకో, ఆర్జీ-58 అయితే ఆ పది మీటర్లకే దాదాపు 2 డెసిబెల్స్ తినేస్తుంది. నీ ఐదు వాట్లలో మూడే పైకి చేరతాయి, అయినా రబ్బరు తోక కంటే వంద రెట్లు నయం. మీ పక్క అపార్ట్‌మెంట్లు కోటగోడల్లా లేచాయి కదా, వాటి మీదుగా చూసే ఎత్తు దొరికితే ఇంకేం కావాలి.

సరే, ఇంత చేశాక ప్రయాణం. మేం ముగ్గురం పెట్టుకున్న పేర్లు నీకు తెలుసు, నాది మేడ, చింతామణి తోట ఇంట్లో ఉన్నది గట్టు, మదనపల్లెలో ఉన్నది ఊరు. నోడ్ ముద్దుపేరు ఆరు ఇంగ్లీషు అక్షరాలకి మించకూడదు, అందుకే ఇంత పొట్టివి పెట్టాం. ముందు వయా గియా (మధ్యలో డిజీల పేర్లు) ఏమీ లేకుండా సి, అంటే కనెక్ట్, కొట్టి మేడ అని ఊరుకో. కనెక్టెడ్ అని వస్తే ఆగు. వెంటనే ముందుకి దూకకు, ప్రశ్న గుర్తు ఒకటి కొట్టు, నోడ్ తనకి తెలిసిన కమాండ్లన్నీ చూపిస్తుంది. ఎంహెచ్ అని, పక్కన పోర్టు (నోడ్‌కి తగిలించిన రేడియో) నంబరు పెట్టి కొట్టు, ఈమధ్య ఎవరెవర్ని విన్నదో చెబుతుంది, అందులో గట్టు ఎన్ని నిమిషాల కిందట వినిపించిందో చూడు. పది నిమిషాల్లోపు అయితే దారి తెరిచి ఉన్నట్టే. ఐదారు సార్లు ఇలా అడిగి జవాబు గబగబా వస్తోందా, నత్త నడకన వస్తోందా చూసుకో. మొదటి మెట్టే వణుకుతుంటే మూడో మెట్టు ఎక్కి పడిపోవడం ఎందుకు?

అప్పుడు అక్కడి నుంచి సి గట్టు. ఇది పంపేది నువ్వు కాదు, నా మేడ నీ తరఫున పిలుస్తుంది. ఒక నిమిషం పట్టొచ్చు, మధ్యలో ఎంటర్ మీద ఎంటర్ కొట్టకు, నీ ఆత్రం అంతా వరసలో చేరి తర్వాత ఒకేసారి కుమ్మరిస్తుంది. కుదరకపోతే ఫెయిల్యూర్ విత్ గట్టు అని చెప్పి నిన్ను మేడ మీదే ఉంచుతుంది. నీకు ఇదే కావాల్సింది! డిజీల దారిలో విఫలమైతే ఎక్కడ తెగిందో తెలిసేది కాదు, ఇప్పుడు తెలిసింది, నీ కిటికీ బాగుంది, గట్టు దారే బాలేదు. నాకు ఫోన్ చెయ్, చింతామణిలో కరెంటు పోయిందేమో అడుగుతా, అక్కడ ముప్పావువాసి జబ్బు అదే.

గట్టు చేరాక సి ఊరు. అంతే, బీబీఎస్ ముందు నిలబడ్డావు.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. "మామా, మేడ దగ్గర నోడ్స్ అని కొడితే జాబితాలో ఊరు కూడా ఉంది కదా, అక్కడి నుంచి ఒకేసారి సి ఊరు అంటే అదే దారి వెతుక్కుని పోదా?" పోతుంది. నోడ్లు గంటకోసారి నాకు ఫలానావాళ్ళు తెలుసు అని ఒకదానికొకటి చెప్పుకుంటాయి, ఒక్కో దారికీ 255 లోపు ఒక నాణ్యత అంకె వేసుకుంటాయి, దాని ప్రకారం గట్టు మీదుగా అవే తీసుకెళ్తాయి. అలవాటయ్యాక అదే చెయ్. మొదటి నెల మాత్రం మెట్టు మెట్టూ ఎక్కి వెళ్ళు, ఏ మెట్టు అరిగిందో కాలికి తెలియాలి. పైగా ఆ జాబితాని మరీ నమ్మకు. ఒక నోడ్ మూగబోయినా మామూలు సెట్టింగులో దాని పేరు ఆరు గంటల దాకా జాబితాలో వేలాడుతూనే ఉంటుంది, ప్రతి గంటా ఒక అంకె తగ్గి సున్నా అయితేనే పోతుంది. ఇంకో మాయ కూడా ఉంది. చెన్నైలో నేను నాలుగేళ్ళు ఉన్నప్పుడు ఎండాకాలం రాత్రుళ్ళు వీహెచ్ఎఫ్ సముద్రం మీదుగా ఎక్కడెక్కడికో పాకేది, పొద్దున లేచి చూస్తే జాబితాలో నోరు తిరగని పేర్లు. ఉత్సాహంగా పిలిస్తే ఒక్కటీ పలకలేదు, రాత్రి గాలివాటానికి వచ్చి పోయినవి. పెద్ద యాంటెన్నా, పెద్ద పవరు ఉన్నవాడు నీకు వినిపిస్తాడు, నువ్వు వాడికి వినిపించాలని రూలేం లేదు. పేరు కనపడటం వేరు, దారి ఉండటం వేరు.

నోడ్ మీద నుంచి బయటికి దిగేటప్పుడు ఒక చిత్రం జరుగుతుంది, చూసి భయపడకు. నీ కాల్‌సైన్ వెనకాల ఉండే అంకె, 0 నుంచి 15 దాకా ఉంటుందే, అది తిరగబడుతుంది. సున్నాతో వెళ్ళినవాడివి 15గా కనిపిస్తావు, 1 అయితే 14. నీ పేరుతో ఎవడో దొంగ దూరాడని నాకు అర్ధరాత్రి ఫోన్ చెయ్యకు, నేను మా సీనియర్‌కి అలాగే చేసి తిట్లు తిన్నా. ఎందుకంటే ఏఎక్స్.25 మనుషుల్ని కాల్‌సైన్‌తోనే గుర్తుపడుతుంది, నువ్వూ నీ తరఫున మాట్లాడే నోడూ ఇద్దరూ ఒకే పేరుతో ఒకే చోట వినిపిస్తే ఎవరి రసీదు ఎవరిదో గందరగోళం అవుతుంది.

బీబీఎస్ లోపలికెళ్ళాక మొదటిసారి పేరు, ఊరు, నీ హోమ్ బీబీఎస్ ఏదని అడుగుతుంది. హోమ్ అంటే నీ ఉత్తరాలు చేరే పోస్టాఫీసు, ఊరు అనే ఇవ్వు. తర్వాత చాలామంది చేసే పొరపాటు, నేనూ చేశా. తొంభైల్లో బేకామ్ మోడెం నా చేత్తో సోల్డర్ చేసుకున్న రోజులు, టీసీఎం3105 అనే చిప్పు, దానికి కావాల్సిన 4.43 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పాత కలర్ టీవీలోంచి పీకాను, పీఏఎల్ టీవీల్లో రంగు కోసం ఉండేది అదే. మోడెం పనిచేసిన ఆనందంలో మొదటిసారి బీబీఎస్‌లోకి వెళ్ళి ఎల్ అని ఒక్క అక్షరం కొట్టాను. ఎల్ అంటే నువ్వు చివరిసారి వచ్చి వెళ్ళాక చేరిన ఉత్తరాల జాబితా. నేను ముందెప్పుడూ రాలేదు కాబట్టి అది పుట్టినప్పటి నుంచీ ఉన్నవన్నీ చదవడం మొదలెట్టింది, నాలుగొందల పైన. పావుగంట సేపు ఫ్రీక్వెన్సీ మొత్తం నాదే. ఊళ్ళో మిగిలినవాళ్ళు ఎవరూ కదల్లేదు, ఆపడం నాకు రాదు, ఆ బీబీఎస్ నడిపే ఆయన మా ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేసి "బాబూ, ఏ కొట్టి ఎంటర్ నొక్కు" అని ఎంతో మర్యాదగా చెప్పాడు. అందుకని నువ్వు ఎల్ కొట్టకు, ఎల్ఎల్ 10 అని కొట్టు, చివరి పది వస్తాయి. నీకొచ్చినవి మాత్రమే కావాలంటే ఎల్ఎమ్. నంబరు చూసుకుని ఆర్ కొట్టి నంబరు ఇస్తే ఉత్తరం తెరుచుకుంటుంది.

దూరం నుంచి వచ్చిన ఉత్తరం పైన ఆర్ అక్షరంతో మొదలయ్యే లైన్లు వరసగా ఉంటాయి, అందరూ చెత్త అనుకుని దాటేస్తారు. నాకైతే ఉత్తరం కంటే అవే ఇష్టం. ఏ బీబీఎస్ మీదుగా ఏ రోజు ఎన్ని గంటలకి వచ్చిందో అన్నీ ఉంటాయి, కవరు మీద పోస్టాఫీసు ముద్రల్లాగా. కింది నుంచి పైకి చదువు, కిందిది పుట్టిన చోటు, పైది నీకు దగ్గరది. టైము జీఎంటీలో ఉంటుంది, ఐదున్నర గంటలు కలుపుకో. ఎక్కడ రెండు రోజులు ఆగిందో చూస్తే ఏ లింకు బాలేదో ఇంట్లో కూర్చుని చెప్పొచ్చు.

రాయడానికి ఎస్‌పీ, అవతలివాడి కాల్‌సైన్, అతని బీబీఎస్ వేరైతే ఎట్ గుర్తు పెట్టి దాని పేరు. సబ్జెక్టు అడుగుతుంది, ఒక లైను. తర్వాత ఉత్తరం, అయిపోయాక కొత్త లైనులో వాలు గీత (స్లాష్) పెట్టి ఈఎక్స్. ఉత్తరం అక్కడ కూర్చుని ఆలోచిస్తూ టైప్ చెయ్యకు, ముందే నోట్‌ప్యాడ్‌లో రాసిపెట్టుకుని అతికించు. కాసేపు ఉలుకూ పలుకూ లేకపోతే నోడ్ నువ్వు పడుకున్నావనుకుని లైను కట్ చేస్తుంది. తెలుగు లిపిలో రాయాలని నీకు సరదా ఉంటుంది, నాకూ ఉంది, కానీ యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు. "అక్క" అన్న రెండక్షరాల మాటలో గుర్తులు నాలుగు, పన్నెండు బైట్లు. అదే ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు బైట్లతో పోతుంది. నీ కిటికీ లింకు మీద ఆ మూడు రెట్లు మోయలేం, పైగా దారిలో ఏదో పాత ప్రోగ్రాము ఎనిమిదో బిట్టు మింగేసి అవతల పిచ్చి గీతలుగా దింపొచ్చు. కాబట్టి ప్రస్తుతానికి ఇంగ్లీషు అక్షరాల్లో రాసే సినిమా పోస్టరు తెలుగే.

ఏం రాయకూడదో కూడా చెప్పాలి. ఇది ఊరందరికీ వినపడే అరుగు, తలుపుల్లేవు. పాస్‌వర్డ్లు, బ్యాంకు సంగతులు, ఆఫీసు పనులు రాయకు, రహస్య లిపి పెట్టి పంపడం అసలు కుదరదు. డబ్బు వ్యవహారాలకి అమెచ్యూర్ బ్యాండు వాడకూడదు. నీకు వచ్చింది వీయూ3 కాల్‌సైన్, నీ గ్రేడుకి ఏ బ్యాండులో ఎంత పవరు, ఏ మోడు అన్నది లైసెన్సు కాగితంలో ఉంటుంది, నా మాట మీద కాదు, అది చదివి దాని మీద నడువు. మన దేశంలో రెండు మీటర్ల బ్యాండు 144 నుంచి 146 దాకానే, ఇంటర్నెట్‌లో అమెరికావాడి వీడియో చూసి 147లోకి పోకు.

బయటికి రావడం పిలవడం కంటే ముఖ్యం, దీన్ని ఎవరూ నేర్పరు. పని అయ్యాక బి కొట్టు, డిస్‌కనెక్టెడ్ అని వచ్చేదాకా ఆగు. మెస్ టైమయిందని హ్యాండీ ఆఫ్ చేసి పోయావనుకో, అవతలివాడు ఉన్నావా, ఉన్నావా అని మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంటాడు, పదిసార్లు అడిగి విసిగి వదిలేస్తాడు. ఆ గోల తేలేదాకా మేడ నుంచి గట్టుకి, గట్టు నుంచి ఊరికి ఉన్న లింకులూ అనవసరంగా తెరిచే ఉంటాయి. ఒకవేళ బీబీఎస్ నుంచి దిగాక మళ్ళీ గట్టు మీదికే రావాలంటే బీపీక్యూలో సి కమాండ్ చివర ఖాళీ వదిలి ఎస్ అని పెట్టు, అప్పుడు బి కొట్టినా నిన్ను పూర్తిగా వీధిలోకి తోసెయ్యదు, నోడ్ దగ్గర నిలబెడుతుంది. మా వాళ్ళలో సగం మందికి ఇది తెలీదు.

ఇంకొకటి. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య అందరూ ఎక్కుతారు, నువ్వు కె.ఆర్.పురంలో వింటున్నప్పుడు ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది, ఎందుకంటే నెలమంగల వైపు ఉన్నవాడు నీకు వినపడడు, కానీ నా మేడకి మీరిద్దరూ వినపడతారు. ఇద్దరూ ఒకేసారి అరిస్తే నాకు ఇద్దరిదీ అర్థం కాదు. దీనికి మందు లేదు, రసీదు కోసం ఆగే వ్యవధిని, ఫ్రాక్ అంటారు, మూడు సెకన్ల నుంచి ఏడెనిమిదికి పెంచుకుని ఓపిగ్గా ఉండటం, లేదా పొద్దున్నే ఐదున్నరకి లేవడం. నువ్వు రెండోది చెయ్యవని తెలుసు.

ఈ ఆదివారం పదింటికి నా మేడ ఆన్‌లో ఉంటుంది, పక్కనే నేనూ ఉంటా, కాఫీ గ్లాసుతో. గట్టు దాకా పోవద్దు, మేడ ఎక్కి ఎంహెచ్ కొట్టి, దిగు. ఐదుసార్లు ఎక్కి దిగు. నాకు ఇటు నీ లెవెల్ ఎంత వస్తోందో వాట్సాప్‌లో చెబుతా, దాన్ని బట్టి రెసిస్టరు మార్చు. బీసీ547 కాళ్ళు ఎటు నుంచి ఎటో తెలీకపోతే చదునుగా ఉన్న ముఖం నీ వైపు పెట్టుకో, ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. మీ అమ్మకి ఊరి బీబీఎస్‌లో మొదటి ఉత్తరం పెడతానని మాటిచ్చావట, మా ఊళ్ళో బీబీఎస్ నడిపే ఆయన దాన్ని కాగితం మీద ప్రింట్ తీసి ఇంటికి తెచ్చి ఇవ్వలేడు, లైసెన్సు లేనివాళ్ళ ఉత్తరాలు మనం మోయకూడదు, కాబట్టి అక్కకి ఫోనే చెయ్. ఆయనకి మాత్రం రెండు లైన్లు రాయి, నిన్ను చిన్నప్పుడు ఎత్తుకున్నాడు.

73 (హ్యాముల శుభాకాంక్షలు),
మీ మామ